ఇచ్చట పాత పేర్లు చెక్కబడును

పళ్లెం కొనడానికి వచ్చినవాళ్లు దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తారు. వేలితో కొట్టి చప్పుడు వింటారు. ఆ అమ్మాయి మాత్రం పళ్లెంలో తన ముఖం చూసుకుంటోంది.

ఒకటి చూసింది. పక్కన పెట్టింది. ఇంకొకటి చూసింది. అట్లా అయిదో పళ్లెం చేతిలోకి తీసుకునేసరికి రోషన్‌కి ఓపిక అయిపోయింది.

"మేడం, అద్దాల దుకాణం పక్క గల్లీల ఉన్నది."

ఆమె తల తిప్పలేదు. "దీంట్ల నా ముక్కు పెద్దగ కనబడ్తంది. ఇంకోటి చూపియ్యుండ్రి."

"అది పళ్లెం తప్పు కాదు మేడం."

అప్పుడు తిరిగింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు, కుర్తా చేతి మీద ఎప్పుడో ఆరిపోయిన నీలం రంగు మరక, ఇతన్ని ఏం చేద్దామా అని ఆలోచిస్తున్నట్టున్న రెండు కళ్లు. ముక్కు నిజానికి చాలా బాగుంది. ఆ సంగతి ఆలస్యంగా గమనించినందుకు రోషన్ తనని తానే తిట్టుకున్నాడు.

"ముఖం సాఫ్‌గ కనబడే పళ్లాలు కావాలె," అంది ఆమె. "నూటయాభై."

నూటయాభై అనే మాట వినగానే గల్లా పెట్టె వెనక కూర్చున్న రాధాకిషన్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. నాందేడ్ ఇత్వారా బజారులో ముప్పై ఏళ్లుగా గిన్నెల వ్యాపారం చేస్తున్న మనిషి. రోషన్ ఆయన కొడుకు. కొన్న గిన్నెల మీద కరెంటు పెన్నుతో పేర్లు చెక్కి ఇవ్వడం రోషన్ పని. ఆ పనిలో అతన్ని మించినవాడు బజారులో లేడు.

"పెండ్లా బిడ్డా?" అన్నాడు రాధాకిషన్ ఎంతో ప్రేమగా. "పేరేం కొట్టాలె?"

"నూటయాభై మంది పేర్లు కాకా. ఒక్కో పళ్లెం మీద ఒక్కో ఆమె పేరు. ముందర ఒకటి, వెనక ఒకటి."

"మరి తినేటప్పుడు ఎవరి పళ్లెం ఎవరిదో ఎట్ల ఎతుక్కుంటరు?" అన్నాడు రోషన్.

"తినడానికి కాదు. పైకప్పు నుంచి వేలాడదీస్త."

రోషన్ నవ్వేశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. అయిపోయినంక చెప్పుండ్రి. నాకేం తొందర లేదు."

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆమె పేరు ప్రాచి. ఊరు భోకర్. అక్కడి మార్కెట్లో విత్తనాల దుకాణం నడిపే సీతారాం గారి అమ్మాయి. హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివి వచ్చింది. నాందేడ్ పాత ధాన్యం మార్కెట్ మోండాలో ఖాళీగా పడి ఉన్న ఒక పత్తి గోదాంలో జూన్ మొదటి వారంలో ఎగ్జిబిషన్ పెడుతోంది. బొమ్మలు చదివిన అమ్మాయి బొమ్మలు వేయకుండా పళ్లేలు వేలాడదీయడం ఏమిటో రోషన్‌కి అర్థం కాలేదు. కాని ఆర్డరు ఆర్డరే.

అసలు చిక్కు మరునాడు వచ్చింది. ఆమె తెచ్చిన పేర్ల జాబితా తెలుగులో ఉంది.

"నేను మరాఠీ మీడియం," అన్నాడు రోషన్ మెడ వెనక గోక్కుంటూ. "తెలుగు మాట్లాడుడే. అక్షరాలు జర జర వస్తయి."

"ఎంత జర?"

అతను ఒక పాత పళ్లెం మీద 'అన్నపూర్ణ' అని చెక్కి చూపించాడు. ప్రాచి దాన్ని దూరంగా పట్టుకుని చదివింది.

"అనపురన. ఎవరీమె? పాపం, వొత్తులన్నీ ఎవరు దోచుకపోయిండ్రు?"

"అర్థమైతే సాలు కద."

"కాదు. పేరు మీద ఒక్క వొత్తు పోయినా ఆ మనిషికి తెలుస్తది." ఆమె స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. "పెన్ను పట్టుకో. నేను చెప్త."

మీరు నువ్వు అయింది అక్కడే. ఇద్దరూ గమనించలేదు.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం, బజారు కాస్త కునుకు తీసే వేళకి, ప్రాచి వచ్చేది. ఎండ రేకుల మీద చిటపటలాడుతుంటే, చిన్న టేబుల్ ఫ్యాను ఇద్దరి మధ్యా ఇటూ అటూ తిరుగుతూ ఎవరి వైపు ఉండాలో తేల్చుకోలేక తంటాలు పడేది. ఆమె వేలితో గాల్లో వొత్తు రాసి చూపించేది. అతను స్టీలు మీద దాన్ని దింపేవాడు. పెన్ను జుయ్‌మంటుంటే మాటలు వినపడవు కాబట్టి ఆమె దగ్గరికి వంగి చెప్పేది. రోషన్‌కి తెలుగు చాలా త్వరగా వచ్చేస్తోంది. రానట్టు నటించడమే కష్టంగా ఉంది.

"మళ్ల తప్పు కొట్టినవ్."

"ఎక్కడ?"

"గీడ. 'క్ష' ఇట్లనా రాసేది? నిన్న మంచిగనే రాసినవ్ కద!"

"నిన్నటిది మర్చిపోయిన. మళ్ల చెప్పు."

ఆమె అతని ముఖంలోకి అనుమానంగా చూసింది. అతను పళ్లేన్ని మరీ శ్రద్ధగా తుడిచాడు.

నాలుగో రోజున అడిగాడు. "ముందర ఒక పేరు, వెనక ఇంకో పేరు. ఒక్కొక్కలకు రెండు పేర్లెందుకు?"

"మీ ఇండ్లల్ల పెండ్లప్పుడు పళ్లెంల బియ్యం పోసి, పెండ్లికొడుకుతోని ఉంగరం పట్టించి, పిల్లకు కొత్త పేరు రాయిస్తరా లేదా?"

"రాయిస్తరు. అందరిండ్లల్ల ఉన్నదే. రస్మ్, ఆచారం."

"ఆ బియ్యం మల్ల ఏం చేస్తరు?"

"వండుకుంటరేమో."

"మరి పాత పేరును ఏం చేస్తరు?"

రోషన్ పెన్ను ఆపాడు. ఏళ్ల తరబడి వేల గిన్నెల మీద పేర్లు చెక్కాడు. ఇంటాయన పేరు, పెళ్లిలో బహుమతి ఇచ్చినవాళ్ల పేరు, దుకాణం పేరు. ఆ గిన్నెలో రోజూ వంట చేసే ఆమె పేరు చెక్కమని ఒక్కరూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా అతనికి ఇవాళే తట్టింది.

"మొన్న సంక్రాంతి అయినంక నాకు పర్భణి సంబంధం ఖాయమైంది," అంది ప్రాచి, పెన్ను ఆగిన నిశ్శబ్దంలో. "పిల్లగాడు మంచోడే. వాళ్ల అమ్మ నా పేరు వైదేహి అని పెడ్తమన్నది. ప్రాచి అంటే ఏంది అని అడిగిండ్రు. తూర్పు అని చెప్పిన."

"అంటే?"

"తూర్పు దిక్కును ఎవరైన మారుస్తరా అత్తమ్మా అన్న. గంతే. సంబంధం పడమర పోయింది."

రోషన్ నవ్వాడు గాని, ఆమె కళ్లలో నవ్వు లేదు.

"బాపు తిట్టలే. ఒక్క ఎగ్జిబిషన్ పెట్టుకో, అటెన్క స్కూల్ల డ్రాయింగ్ టీచర్‌గ చేరు, మేం ఎవరిని చెప్తే వాళ్లను పెండ్లి చేసుకో అన్నడు. అమ్మ ఐతే నాలుగు నెలల నుంచి మాట్లాడుత లేదు. ఇంటికి పోతే పళ్లెంల అన్నం పెడ్తది. మాట మాత్రం పెట్టది."

ఆ సాయంత్రం రోషన్ దుకాణం మూసే దాకా ఉండి ఇంకో పద్నాలుగు పళ్లేలు పూర్తి చేశాడు. ఒక్క వొత్తు కూడా తప్పలేదు.

చివరి రోజు జాబితాలో ఒక పేరు దగ్గర ఆగాడు. ముందు గోదావరి, వెనక విద్యావతి.

"అరె, మా అమ్మ పేరు కూడ విద్యావతే."

ప్రాచి జాబితా మడుస్తూ, "విద్యావతులు మస్తుమంది ఉంటరు," అంది. ఆమె ఎందుకో అతని వైపు చూడలేదు.

*

ఎగ్జిబిషన్ తెరిచిన రోజు పత్తి గోదాంలో పెద్దగా జనం లేరు. వచ్చినవాళ్లు మాత్రం గబుక్కున బయటికి పోలేకపోయారు.

ఎత్తయిన కప్పు నుంచి సన్నని తీగలకు నూటయాభై పళ్లేలు, మనిషి ముఖం ఎత్తున. పెద్ద కిటికీల్లోంచి గాలి వస్తే అవన్నీ మెల్లగా తిరిగేవి. సావిత్రి పోయి కమల వచ్చేది. మళ్లీ కమల పోయి సావిత్రి వచ్చేది. పేరు చదువుదామని దగ్గరికి వెళితే, ఆ అక్షరాల వెనక చదివేవాళ్ల ముఖమే కనిపించేది. ఎవరిదో పేరు, తన ముఖం. మగవాళ్లు ఒకటి రెండు చూసి నవ్వుతూ మొదలుపెట్టి, పదో పళ్లెం దగ్గరికి వచ్చేసరికి నిశ్శబ్దమైపోయారు. ఒకాయన బయటికి వచ్చి ఫోన్ చేసి, "అమ్మా, పెండ్లికి ముందల నీ పేరేందే?" అని అడగడం రోషన్ తన చెవులతో విన్నాడు.

ముఖం కనబడే పళ్లేలు ఎందుకు ఏరిందో అతనికి అప్పుడు అర్థమైంది. తిరిగి చూస్తే ప్రాచి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. జనం ముఖాల్ని చూస్తోంది. ఆ చూపు చూశాక రోషన్‌కి ఇంకో సంగతి కూడా అర్థమైంది. అది తన గురించి.

సాయంత్రానికి ఎవరో కాలేజీ అమ్మాయి తీసిన వీడియో నాందేడ్ అంతా తిరిగింది. "మా అమ్మ పేరు కూడ పెట్టుండ్రి", "మా అత్తది కూడ" అని ఫోన్ల మీద ఫోన్లు.

"రోషన్, రేపు చెక్కే మిషన్ పట్టుకొని ఈడికే రా," అంది ప్రాచి. మొహం వెలిగిపోతోంది. "వాళ్ల ముంగటనే చెక్కుదం. బోర్డు కూడ రాస్త. వస్తవా?"

"అస్త. పక్కా."

మరునాడు పొద్దున అతను మిషన్ డబ్బాలో సర్దుతుండగా దుకాణం ముందు స్కూటర్ ఆగింది. బజారు కమిటీ పెద్ద ఎంకన్న సేఠ్ దిగాడు.

"రాధాకిషన్ భావ్, ఏందిది? మన ఇండ్లల్ల ఆడోళ్ల పేర్లు మోండాల వేలాడదీస్తరా? చూసినోళ్లు ఏమనుకుంటరు, మనమేదో వాళ్ల పేర్లు దొంగతనం చేసినట్టు! అవన్నీ నీ కొడుకే కొట్టిండట గద."

రాధాకిషన్ ముఖం కందగడ్డలా అయింది. ఆర్డరు తీసుకున్నప్పుడు ఆయన పళ్లేల లెక్క చూశాడు గాని, పేర్ల సంగతి పట్టించుకోలేదు.

"ఆ మిషన్ ఆడ పెట్టు," అన్నాడు కొడుకుతో. "ఆ గోదాం దిక్కు పోయినవంటే ఈ దుకాణం మెట్టు ఎక్కకు."

రోషన్ పుట్టిన ఇరవై ఏడేళ్లలో తండ్రికి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. మిషన్ కింద పెట్టాడు. ప్రాచికి 'బాపు వద్దంటున్నడు' అని మెసేజ్ పెట్టాడు. గంట తరవాత ఆమె స్వయంగా వచ్చి దుకాణం ముందు నిలబడింది.

"నలభై మంది ఆడోళ్లు కూసున్నరు రోషన్. ఉమ్రి నుంచి కూడ వచ్చిండ్రు. వస్తనన్నవ్ కద."

"బాపు..."

"బాపును అడుగుత లేను. నువ్వేమనుకుంటున్నవ్? అది తప్పా?"

తండ్రి లోపలి నుంచి చూస్తున్నాడు. రోషన్ నేల చూశాడు. "నేను మిషన్ నడిపేటోణ్ణే, ప్రాచీ."

"అవును," అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మిషన్ కూడ అంతే. ఎవరు స్విచ్ ఏస్తే వాళ్ల మాటే వింటది."

ఆమె వెళ్లిపోయింది. బజారు మొత్తంలో ఆ వీధి ఒక్కటే చీకటైనట్టు అనిపించింది రోషన్‌కి.

*

మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద ఎత్తలేదు. విద్యావతి చారు పోయబోయి ఆగింది.

"ఒక మాట అడుగుత. గోదావరి అన్న పేరు నువ్వే కొట్టినవా?"

"ఆఁ."

"మంచిగ కొట్టినవా?"

"మంచిగనే వచ్చింది. నీకెట్ల తెలుసు?"

ఆమె చారు గిన్నె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "అది నా పేరు బిడ్డా."

రోషన్‌కి మొదట ఏమీ అర్థం కాలేదు. అమ్మమ్మ ఆమెను 'బిడ్డా' అని పిలిచేది. మామలిద్దరూ 'అక్కా' అనేవాళ్లు. ఇంకెవరూ ఆమెను పేరు పెట్టి పిలవగా అతను వినలేదు.

"మీ నాయినమ్మ పేరు కూడ గోదావరే," అంది ఆమె. "అత్త పేరు కోడలికి ఉంటే ఎట్ల? పిలిచినా తిట్టినా అత్తను అన్నట్టే అయితది కద. అందుకని బియ్యంల విద్యావతి అని రాసిండ్రు. మంచి పేరే. నాకేం కోపం లేకుండె." చారు గిన్నె మీద మూత పెట్టింది. "నువ్వు పుట్టినంక మన గల్లీల అంగన్‌వాడీ టీచర్ నౌకరి పడ్డది. నేను పదో తరగతి ఫస్ట్ క్లాసుల పాసైన. సర్టిఫికెట్ మీద గోదావరి, రేషన్ కార్డు మీద విద్యావతి. ఇద్దరు ఒక్కరే అని కాగితం తెమ్మన్నరు. మీ బాపునడిగితే, 'ఇంట్ల ఏం తక్కువైంది, ఇడిసిపెట్టు' అన్నడు. ఇడిసిపెట్టిన."

"నాకెప్పుడు చెప్పలే."

"ఎవరడిగిండ్రు? మొన్న మా పొదుపు సంఘం బచత్ గట్‌కు ఆ పళ్లాల పిల్ల అచ్చి అడిగింది. ముప్పై ఏండ్లల్ల మొదటిసారి. చెప్పిన. మా కొడుక్కు చెప్పకు, వాడి చేతితోని వాడే కొట్టనీ అన్న." ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "ఇగ నేను పోయి చూసుకోవాలె. తోల్కపోతవా, ఆటోల పోవాల్నా?"

రోషన్ లేచాడు. దారిలో దుకాణం ముందు బండి ఆపి, గల్లా దగ్గర నిలబడ్డ తండ్రి చూస్తుండగానే మిషన్ డబ్బా తీసుకుని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"రోషన్!" అని రాధాకిషన్ అరుస్తూనే ఉన్నాడు. వెనక సీటు మీద భార్యను చూసి ఆ అరుపు సగంలో ఆగిపోయింది.

*

గోదాం గుమ్మానికి అట్ట మీద నీలం రంగుతో రాసిన బోర్డు వేలాడుతోంది: ఇచ్చట పాత పేర్లు చెక్కబడును. దాని కింద, వరసగా ఆడవాళ్లు. చెక్కేవాడే లేడు. ప్రాచి ఒక్కతే వాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుంటోంది.

రోషన్ డబ్బా దించి, వైరు ప్లగ్గులో పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"స్విచ్ ఎవరేసిండ్రు?" అంది ప్రాచి, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"నేనే ఏసుకున్న." అతను గొంతు సవరించుకున్నాడు. "పొద్దున నేను పిరికోణ్ణి ప్రాచీ. ఇప్పుడు గూడ భయమే ఉన్నది. గని అచ్చిన."

ఆమె అప్పుడు చూసింది. స్టూలు లాక్కుని వచ్చి ఎప్పటిలాగే పక్కన కూర్చుంది.

గంటలో ఇరవై పేర్లు చెక్కాడు. ఒక్కొక్కామె తన పేరు చెప్పేటప్పుడు చిత్రంగా గొంతు తగ్గించేది, ఎవరిదో రహస్యం చెబుతున్నట్టు. పళ్లెం చేతికి వచ్చాక మాత్రం పెద్దగా చదివేది. ఇరవై ఒకటో మనిషి మర్ఖేల్ నుంచి బస్సు దిగి వచ్చిన వెంకవ్వ. ఎనభై దాటిన ముసలామె.

అప్పుడే గుమ్మం దగ్గర అలికిడి అయింది. ఎంకన్న సేఠ్, ఇంకో నలుగురు వ్యాపారులు, ముందు రాధాకిషన్.

ఎంకన్న సేఠ్ నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఆయన భార్య లీలాబాయి వరసలో మూడో మనిషి. ఆమె ఆయన్ని చూసి తల మీద కొంగు సర్దుకుంది గాని వరసలోంచి జరగలేదు.

"లేవు," అన్నాడు రాధాకిషన్ కొడుకుతో. "మిషన్ ఎత్తు."

రోషన్ పెన్ను పక్కన పెట్టాడు. అతను లేచాడు. కాని మిషన్ ఎత్తలేదు. తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎత్తను బాపు. ముందు నీకో పేరు చూపిస్త. చూసినంక నువ్వు ఏమన్నా పడ్త."

కిటికీ దగ్గరి పళ్లెం ముందు నిలబెట్టాడు. రాధాకిషన్ కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు. గోదావరి. ఆ అక్షరాల వెనక తన ముఖం, తన నెరిసిన మీసం.

"ఇది మా అమ్మ పేరు," అన్నాడాయన.

"కాదు బాపు. ఇది మా అమ్మ పేరు."

గాలికి పళ్లెం తిరిగింది. విద్యావతి. రాధాకిషన్ పక్కకి చూశాడు. ఆయన భార్య అక్కడే నిలబడి ఉంది, పళ్లేన్ని చూస్తూ, ఎవరో చుట్టాన్ని చాన్నాళ్లకి చూసినట్టు.

"యాదికున్నదా మీకు?" అందామె.

ఆయనకి గుర్తుంది. ఉంగరం పట్టుకుని బియ్యంలో రాసింది ఆయనే. అంగన్‌వాడీ కాగితం గురించి ఆమె మూడుసార్లు అడగడం కూడా గుర్తుంది.

"మా అమ్మ పేరు అదే ఉండె కద," అన్నాడు. ఆ గొంతులో గద్దింపు లేదు. "అమ్మ మీద గౌరవం తోనే మార్చినం."

"ఎవరు, రాధాకిషనా?" నేల మీంచి వెంకవ్వ అంది. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన్ని పోల్చుకుంటోంది. "మర్ఖేలోళ్ల మనుమనివే కద నువ్వు? మీ అమ్మ మా పక్కింటి పిల్ల. ఇద్దరం కలిసి మొక్కజొన్న కంకులు దొంగతనం చేసినం. గోదావరి ఏందిరా? అది మీ అయ్య పెట్టిన పేరు. ఆమె పేరు ముత్యవ్వ."

నూటయాభై పళ్లేలు మెల్లగా తిరుగుతున్నాయి.

రాధాకిషన్ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అమ్మ పోయి పదకొండేళ్లు. ఆమె ఫోటోకి రోజూ దండం పెడతాడు. అరవై రెండేళ్లు వచ్చాయి, తల్లి పేరు తెలియదు. అమ్మది కాని పేరు కోసం భార్యది తీసేశాడు.

"ముత్యవ్వ," అన్నాడు పైకి. ఇంకోసారి అన్నాడు. తరవాత కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. వరస చివర, ఒక కాలేజీ అమ్మాయి వెనక వెళ్లి నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చేదాకా ఎవరూ పక్కకి జరిగి దారి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

"ముందర ముత్యవ్వ అని కొట్టు," అన్నాడు కొడుకుతో.

"వెనక?"

"వెనక ఏమొద్దు." అని భార్య వైపు తిరిగి, చుట్టూ అంతమంది ఉండగా, కొత్త పెళ్లికొడుకులా తడబడుతూ పిలిచాడు. "గోదావరీ."

"ఆఁ," అందామె. ముప్పై ఏళ్లు ఆ పిలుపుకే ఎదురుచూసినట్టు, ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా. అక్కడున్న ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా లీలాబాయి కొట్టింది. ఆమె మొగుడు చేసేది లేక, చుట్టూ ఒకసారి చూసి, తనూ కలిశాడు.

ఎగ్జిబిషన్ అయిదు రోజులు అనుకున్నది పదిహేడు రోజులు నడిచింది. పళ్లేలు అయిపోతే జనం ఇంటి నుంచి తెచ్చుకున్నారు. ఉమ్రిలో ఒక పెళ్లిలో బియ్యం పళ్లెం ముందు పెడితే పెళ్లికొడుకు ఉంగరం తీసి పక్కన పెట్టి, 'ఆమె పేరు ఆమెకున్నది కద' అన్నాడని కబురు వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక గ్యాలరీ వాళ్లు వచ్చి చూసి, జులైలో తమ దగ్గర పెట్టమని ప్రాచిని పిలిచారు. గోదావరి గారు తన కాగితాలన్నీ సంచిలో వేసుకుని, పేరు సరి చేయించుకోవడానికి మొగుణ్ణి వెంటబెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. గల్లీ పిల్లలకి సాయంత్రాలు చదువు చెబుతానని ఇంటి గోడ మీద చాక్‌పీస్‌తో రాసింది కూడా.

కాని రోషన్ మాత్రం చెప్పాల్సిన మాట చెప్పలేకపోయాడు. రోజూ అనుకున్నాడు. రోజూ వైరు చుట్టుకుని ఇంటికి వచ్చాడు.

*

చివరికి రాధాకిషనే విసిగిపోయాడు. ఒక ఆదివారం భార్యనీ కొడుకునీ జీపు ఎక్కించి, సంబంధం అడగడానికి భోకర్ తీసుకుపోయాడు. సీతారాం గారి ఇంటి వసారాలో కుర్చీలు వేశారు. ఆకాశం పొద్దుటి నుంచి ముసురుకుని ఉంది గాని చుక్క రాలలేదు.

"మా పిల్లది జర మొండిది," అన్నాడు సీతారాం ముందే చెప్పేస్తూ. గోడకి అంటించిన పేపర్ కటింగు వైపు మాత్రం ఆయన చూపు మాటిమాటికీ పోతోంది. అందులో ప్రాచి ఫోటో ఉంది. "స్కూల్ నౌకరి సంగతి నేనిగ తియ్యను. ఊర్లె అందరు నన్నిప్పుడు 'ప్రాచి బాపు' అంటున్నరు."

"మా ఇంట్ల రెండు గదులు ఖాళీగున్నయి," అన్నాడు రాధాకిషన్. "బొమ్మలేసుకోని, పళ్లాలు వేలాడదీసుకోని. పేరు సంగతి ఐతే నా ముంగట తియ్యకుండ్రి, మీకు దండం పెడ్త."

అందరూ నవ్వారు. ప్రాచి తల్లి వత్సల గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. లోపలికీ పోలేదు.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అని గోదావరి అడిగింది.

ప్రాచి వసారా స్తంభానికి ఆనుకుని ఉంది. "నన్ను మా బాపు అడిగిండు. కాకా అడిగిండు. కాకీ అడుగుతంది. అడగాల్సినోడు ఒక్కడు అడగలే."

అందరి చూపులూ ఒక్కసారి రోషన్ మీద పడ్డాయి. అతను లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు. మళ్లీ కూర్చుంటే బాగుండదు కాబట్టి మెట్లు దిగి వాకిట్లోకి పోయాడు. ప్రాచి వెనకే వచ్చింది.

"వీళ్లందరి ముంగటనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నలభై మంది ఆడోళ్లు గోదాంల అందరి ముంగట పేర్లు చెప్పలే?"

"నాకు తెలుగు మంచిగ రాదు ప్రాచీ."

"అబద్ధం. రెండో రోజుకే మొత్తం వచ్చింది నీకు. 'క్ష' ఏడుసార్లు కావాలని తప్పు కొట్టినవ్. నాకు తెల్వదనుకున్నవా?"

"తెలిసి ఎందుకు చెప్పినవ్ మరి ఏడుసార్లు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ ముఖం చూశాక రోషన్‌కి నెలరోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట సులభంగా జారింది.

"నువ్వంటే నాకిష్టం. శానా ఇష్టం. నాతోని ఉంటవా? హైదరాబాద్ పోయినా, ఏడికి పోయినా డబ్బా ఎత్తుకొని నీ ఎన్క అస్త. ఎదురు చెప్పాల్సినకాడ చెప్త. భయపడ్డా సరే, చెప్త."

ప్రాచి అతన్ని చూసింది, పళ్లేలు ఏరిన రోజు చూసినంత జాగ్రత్తగా.

"ఉంట," అంది.

అప్పుడు వాన మొదలైంది. ఆ ఏడాది మొదటి వాన, మార్కెట్ వైపు నుంచి మట్టి వాసన మోసుకుంటూ, రేకుల మీద దబదబా. ఇద్దరూ కదల్లేదు. వసారాలోంచి రాధాకిషన్, "ఏమన్నది? ఏమన్నదిరా?" అని అరుస్తున్నాడు. వాన చప్పుడులో ఎవరూ జవాబు చెప్పలేదు.

గుమ్మంలోంచి వత్సల గబగబా వచ్చింది. ఆరేసిన బట్టల వైపు వెళ్లబోయి, వాకిట్లో తడుస్తున్న ఇద్దరినీ చూసి ఆగింది.

"ప్రాచీ," అని పిలిచింది.

అయిదు నెలల తరవాత ఆ గొంతులో ఆ పేరు. ప్రాచి గిరుక్కున తిరిగింది.

"వానల ఏం నిలబడ్డవే? జ్వరమొస్తది. లోపలికి రా." వత్సల కొంగు చివరతో కళ్లు ఒత్తుకుని, కాస్త విసుగు తెచ్చిపెట్టుకుంటూ అంది. "ఆ పిల్లగాణ్ణి గూడ తోల్కరా."